బడిసంచి పట్టీకి మెత్తదనం



ఈనాటి మన విషయం చాలా చిన్నది. వెడల్పు చూస్తే రెండంగుళాలు, మందం చూస్తే అర అంగుళం. పిల్లలు భుజాలకు తగిలించుకునే బడిసంచి పట్టీ. "ఇంతోటి దానికి రేడియోలో ఒక ప్రసంగమా?" అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. నేనూ ఒకప్పుడు నవ్వేదాన్నే. ఆ నవ్వు ఎలా ఆగిపోయిందో ముందు చెబుతాను.

కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగరం చుట్టుపక్కల పల్లెల్లో మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో తమిళం చదువుతారు. నా తరగతిలోనూ అలాంటివాళ్ళు చాలామంది. ఆరో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. కరిసల్ చేల గట్ల మీదుగా నడిచి రోడ్డెక్కి, అక్కడ బస్సు పట్టుకొని బడికి వచ్చేది. తెలివైన పిల్లే. కానీ పొద్దున మొదటి గంటలో డిక్టేషన్ చెబితే వెనకబడిపోయేది. పెన్ను జారవిడిచేది. "ఏమే, నిద్ర ఇంకా తీరలేదా?" అని కోప్పడితే, "చెయ్యి తిమ్మిరెక్కింది టీచర్" అనేది. సాకు చెబుతున్నదనుకొని రెండుసార్లు నిలబెట్టాను కూడా.

ఒకరోజు ఆటల గంటలో ఆ పిల్ల చొక్కా మెడ పక్కకు జరిగింది. కుడి భుజం మీద వేలెడు వెడల్పున ఎర్రగా కందిపోయిన చార. తాకితే "అమ్మా!" అన్నది. సంచి తెమ్మన్నాను. ఒక పట్టీ తెగిపోయి చాలా రోజులయిందట. రెండో పట్టీలో స్పాంజి నలిగి అప్పడంలా అయిపోయింది. మిగిలింది అంగుళం వెడల్పు నైలాన్ నాడా. సంచిని బడి ఎదురుగా ఉన్న కిరాణా కొట్టులో తూకం వేయించాను. అయిదున్నర కిలోలు. ఆ పిల్ల బరువు ఇరవై ఎనిమిది కిలోలు. అంత బరువూ ఒక్క భుజం మీద, ఒక్క నాడా మీద, రోజూ. ఆ రోజు నేను ఆమెకు క్షమాపణ చెప్పుకున్నాను. తల్లిదండ్రులకు చెప్పి డాక్టరుకు చూపించమన్నాను. భుజానికి విశ్రాంతి ఇవ్వండి, బరువు తగ్గించండి అని ఆయన చెప్పి పంపారు.

సంచి బరువు సంగతి కొత్తది కాదండీ. ఇంగ్లీషు రచయిత ఆర్.కె. నారాయణ్ గారు 1989లో రాజ్యసభలో తమ తొలి ప్రసంగాన్ని ఈ విషయం మీదే చేశారు. ఆ తర్వాత ప్రొఫెసర్ యశ్‌పాల్ గారి అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 1993లో 'భారం లేని చదువు' అన్న పేరుతో నివేదిక ఇచ్చింది. మన తమిళనాడులో 2012-13లో ఎనిమిదో తరగతి వరకు పాఠ్యపుస్తకాలను మూడు భాగాలు చేసి, ఒక్కో భాగం కొన్ని నెలలు మాత్రమే మోసేలా మార్చారు. 2020లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన బడిసంచి విధానం ఒక లెక్క చెప్పింది. సంచి బరువు పిల్లవాడి బరువులో పదో వంతు మించకూడదు. ఒకటి, రెండు తరగతులకు సుమారు 1.6 నుంచి 2.2 కిలోలు, ఆరు, ఏడు తరగతులకు 2 నుంచి 3 కిలోలు, పదో తరగతికి కూడా నాలుగున్నర కిలోలకు లోపే. అదే విధానంలో ఇంకో మాట ఉంది, దాన్ని చాలామంది చూడలేదు. సంచికి రెండు పట్టీలు ఉండాలి, అవి మెత్త వేసినవై ఉండాలి, రెండు భుజాల మీదా సరిగ్గా కూర్చోవాలి అని.

మరి పట్టీకి మెత్త ఎందుకు? మీరు కూరగాయలు కొని సంచి పట్టుకొని నడిచారనుకోండి. కాడ సన్నగా ఉంటే వేళ్ళు కోసుకుపోతాయి. కండువా మడిచి కాడకు చుట్టి పట్టుకుంటే అదే బరువు సుఖంగా మోస్తారు. బరువు తగ్గలేదు, పంచుకున్నది, అంతే. విరుదునగరం బజారులో పప్పుల మూటలు, మిరపకాయల బస్తాలు మోసేవాళ్ళు గోనెపట్టా మడిచి భుజాన వేసుకుంటారు. మన ఆడవాళ్ళు నీళ్ళబిందె కింద చుట్టకుదురు పెట్టుకుంటారు. తమిళంలో దాన్నే సుమ్మాడు అంటారు. ఈ విద్య మనకు పాతదే. ఇడైసెవల్‌లో పుట్టిన రచయిత కి. రాజనారాయణన్ గారి ఇంటి భాష తెలుగే. మూటాముల్లె సర్దుకొని ఉత్తరాన్నుంచి ఈ నల్లరేగడి నేలకు వచ్చిన మనవాళ్ళ కథనే ఆయన 'గోపల్ల గ్రామం' నవలలో తమిళంలో రాశారు. మూట మోయడం తెలిసిన జాతి మనది. పిల్లల సంచి దగ్గర మాత్రం ఎందుకో మరిచిపోయాం.

ఒక చిన్న లెక్క చేద్దాం, పెన్ను కాగితం అక్కర్లేదు. సంచి నాలుగు కిలోలనుకోండి. రెండు భుజాలకూ వేసుకుంటే ఒక్కో భుజానికి రెండు కిలోలు. పట్టీ భుజం మీద పది సెంటీమీటర్ల పొడవున ఆనుతుంది అనుకుందాం. పట్టీ వెడల్పు రెండున్నర సెంటీమీటర్లయితే, ప్రతి చదరపు సెంటీమీటరు మీద 80 గ్రాముల ఒత్తిడి. వెడల్పు ఆరు సెంటీమీటర్లయితే, 33 గ్రాములే. ఇక నాలుగు కిలోలనూ ఒక్క భుజానికి సన్నపట్టీతో వేలాడదీస్తే, 160 గ్రాములు. అంటే వెడల్పు పట్టీలతో రెండు భుజాలా మోసినదానికి దాదాపు ఐదింతలు. నడిచేటప్పుడు సంచి ఎగిరి పడుతూ ఉంటుంది కాబట్టి అడుగడుగుకూ అది ఇంకా పెరుగుతుంది.

భుజం మీద ఈ ఒత్తిడి ఎక్కడ పడుతున్నదో కూడా చూడాలి. మెడ నుంచి భుజం చివరిదాకా ఒక కండ పరుచుకొని ఉంటుంది. దాని ముందు వైపు, గొంతు కింద అడ్డంగా ఉండే ఎముక ఉంటుంది. మెడలో నుంచి చేతికి పోయే నరాల కట్ట ఆ ఎముక కిందుగా వెళుతుంది. పట్టీ ఎక్కువసేపు అక్కడ నొక్కితే చేతికి తిమ్మిరి, బలహీనత రావచ్చు. బరువైన మూటలు వీపున మోసే సైనికుల్లో ఇది బాగా ముదిరి, చెయ్యి పైకెత్తలేని స్థితి రావడం వైద్యులకు తెలిసిన సంగతే. మన పిల్లల బరువు అంత కాకపోవచ్చు. కానీ వాళ్ళ భుజాలూ అంతంతే కదా.

ఇక నా మొదటి వైద్యం ఎలా బెడిసిందో చెబుతాను. తెగిన పట్టీ కుట్టించి, పాత దిండులోని మెత్తటి స్పాంజి అంగుళం మందాన కోసి, ఆ రెండు పట్టీలకూ గుడ్డతో చుట్టి కుట్టాను. చేత్తో నొక్కితే వెన్నముద్దలా ఉంది. నాకు నేనే భేష్ అనుకున్నాను. నాలుగు రోజుల తర్వాత చూస్తే చార అలాగే ఉంది. పైగా చెమట నాని అంచుల్లో పొక్కింది.

అప్పుడు మా నాయన మాట గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు మా ఎద్దుకు కాడి ఒరుసుకొని మెడ పుండయింది. "ఎద్దు పుండు కాకికి నొప్పా" అని సామెత ఉంది కదా. కాకికి లేకపోయినా నాకు నొప్పే. కాడికి గుడ్డ చుట్టమని ఏడ్చాను. ఆయన, "గుడ్డ ముడతపడి ఇంకా కోస్తుంది పాపా. ముందు కాడిని మెడకు సరిపడా చెక్కాలి, నున్నగా చెయ్యాలి, ఆ తర్వాతే గుడ్డ" అన్నారు. మెత్తదనం కంటే ముందు ఆకారం కావాలన్నమాట.

కోవిల్‌పట్టి బజారులో సంచులు కుట్టే ఒక పెద్దాయన ఉన్నారు, మన భాషే. నా పట్టీ చూపించి, "అన్నా, ఇంత స్పాంజి పెట్టినా ఎందుకు కోస్తున్నది?" అని అడిగాను. ఆయన పట్టీని తన మోకాలి మీద వేసి నాడాను రెండు వైపులా లాగారు. నాడా స్పాంజిలో దిగబడిపోయింది. స్పాంజి అంచులు రెండూ పైకి లేచాయి. "చూడండి టీచరమ్మా, మీరు రెండంగుళాల స్పాంజి పెట్టినా బరువు లాగేది అంగుళం నాడానే. అది దూదిలో దారంలా దిగిపోతున్నది. పైన గట్టిది ఒకటి ఉంటేనే కదా మెత్తది పని చేసేది" అన్నారు.

ఈ ఒక్క మాట పట్టుకుంటే పట్టీ విద్య అంతా వచ్చేసినట్టే. పట్టీలో రెండు పొరలు కావాలి. పైన, నాడా వైపు, వంగేదే కానీ అణగని గట్టి పొర. అది నాడా లాగుడును పట్టీ వెడల్పంతా పరుస్తుంది. కింద, భుజం వైపు, మెత్తటి పొర. అది ఎముకల ఎత్తుపల్లాలకు సర్దుకుంటుంది. గట్టి పొర లేకపోతే మెత్త అణిగిపోతుంది. మెత్త పొర లేకపోతే గట్టిది గుచ్చుకుంటుంది.

ఏ సామాను వాడాలి? గట్టి పొరకు హవాయి చెప్పుల అడుగుకు వాడే మాదిరి ఇ.వి.ఏ. షీటు బాగుంటుంది. చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర, రెక్సిన్ కొట్లలో అడగండి. నాలుగైదు మిల్లీమీటర్ల మందం చాలు. అందులోని గాలి గదులు మూసుకొని ఉంటాయి కాబట్టి చెమట పీల్చదు, తొందరగా అణగదు. మెత్త పొరకు పరుపుల కొట్టులో దొరికే స్పాంజి. కొట్టువాళ్ళు 32 అనీ, 40 అనీ నంబరు చెబుతారు. ఒక ఘనమీటరు స్పాంజి అన్ని కిలోలు తూగుతుందని దాని అర్థం. నంబరు ఎక్కువైతే సాధారణంగా ఎక్కువ కాలం మన్నుతుంది. అయితే నంబరును బట్టి మెత్తదా గట్టిదా అన్నది తెలియదు, చేత్తో నొక్కి చూసుకోవాలి. బొటనవేలితో అదిమితే అవతలి వేలు తగలకూడదు. వదిలితే వెంటనే లేవాలి. ఆరు నుంచి ఎనిమిది మిల్లీమీటర్లు చాలు. మందం పెరిగిన కొద్దీ సుఖం పెరగదు. లావు పట్టీ భుజం మీద దొర్లుతుంది, మెడను ఒరుస్తుంది. టీవీ పెట్టెల్లో వచ్చే తెల్లటి ప్యాకింగు ఫోము మాత్రం వద్దు. కొద్ది రోజులకే అణిగి కాగితమవుతుంది.

స్పాంజి దొరకకపోతే మన దగ్గర ఉన్నవాటితో కూడా చేయవచ్చు. దూది మెత్తగా ఉంటుంది కానీ చెమటకు తడిసి ఉండలు కడుతుంది. బూరుగుదూది, అదే ఇలవం పంజు, నీళ్ళు పీల్చదు. దాని పోగు లోపల బోలుగా ఉంటుంది, పైన మైనపు పూత ఉంటుంది. అందుకే ఒకప్పుడు దానితో ప్రాణరక్షణ జాకెట్లు కూడా చేసేవారు. కానీ ఆ పోగులు పెళుసు, రోజూ బరువు పడితే పొడిపొడి అవుతాయి. బూరుగుకాయ పండుతుందని కాచుకున్న చిలుక సంగతి మన రెండు భాషల్లోనూ ఉంది కదా, పట్టీ విషయంలో దాన్ని నమ్ముకుంటే మన గతీ అంతే. అంతకంటే పాత ఉన్ని కంబళి ముక్క రెండు మడతలు వేసి పెట్టడం మేలు. పాత జీన్సు ప్యాంటు గుడ్డ నాలుగు మడతలు గట్టి పొరగా పనికొస్తుంది.

ఇప్పుడు కోత. తిన్నని పట్టీ ఒంపు తిరిగిన భుజం మీద సరిగా కూర్చోదు. లోపలి అంచు మెడ దగ్గర కోస్తుంది, బయటి అంచు గాలిలో ఉంటుంది. అందుకని పాత వార్తాపత్రిక కాగితం ఒకటి తీసుకొని పిల్లవాడి భుజం మీద పరవండి. వీపు మీద సంచి పై అంచు తగిలే చోటు నుంచి, భుజం మీదుగా ముందుకు వచ్చి, ఛాతీ పక్కగా చంక కిందికి వెళ్ళే దారిని పెన్సిలుతో గీయండి. మెడకూ పట్టీకీ మధ్య రెండు వేళ్ళ సందు ఉంచండి. ఆ గీత కొంచెం ఒంపుగా వస్తుంది. అదే మీ నమూనా. పెద్ద పిల్లలకు భుజం మీద ఆరు సెంటీమీటర్లు, చిన్నవాళ్ళకు ఐదు సెంటీమీటర్ల వెడల్పు చాలు. చంక దగ్గరికి వచ్చేసరికి కాస్త సన్నం చేయండి, లేకపోతే చెయ్యి ఊపినప్పుడల్లా ఒరుసుకుంటుంది. మెత్త వేసిన భాగం చంక దాటి కిందికి వచ్చాకే బకిలు రావాలి. బకిలు చంకలో పడితే ఎంత మెత్త వేసినా వృథా.

కుట్టు దగ్గర నాలుగు జాగ్రత్తలు. మొదటిది, నాడాను పట్టీ పైభాగాన నడిమధ్యన పొడవునా కుట్టి, రెండు చివర్లూ సంచిలోకి, బకిలులోకి పోవాలి. బరువు నాడా లాగాలి, స్పాంజి లాగకూడదు. రెండోది, అందం కోసం స్పాంజి మీద అడ్డంగా వరుస కుట్లు వేయవద్దు. కుట్టుపడిన చోటల్లా మెత్త చచ్చి, అక్కడ గట్టి గీత ఏర్పడుతుంది. నాడాను గట్టి పొరకు మాత్రమే కుట్టి, తర్వాత మెత్త పొర చేర్చి అంచులు మూయండి. మూడోది, అంచుకు వేసే పైపింగు గరుకుగా మెడవైపు ఉండకూడదు. గుడ్డను భుజం వైపు నుంచి పైకి మడిచి, అతుకు నాడా వైపు వచ్చేలా కుట్టండి. నాలుగోది, భుజాన్ని తాకే వైపు రెక్సిన్ వేయవద్దు. మన ఎండలకు అది కాలుతుంది, చెమట ఆరనివ్వదు. నూలు గుడ్డ వేయండి. వీలైతే ఆ నూలు గుడ్డను ఒక తొడుగులా కుట్టి ప్రెస్ బటన్లు పెట్టండి. వారానికొకసారి తీసి ఉతకవచ్చు. చెమట ఉప్పు పేరుకున్న గుడ్డ ఉప్పుకాగితంలా గీరుతుందని మరవకండి.

పట్టీ బాగా కుదిరిందా లేదా తెలుసుకోవడానికి నేను పట్టుకున్న ఉపాయం ఒకటి చెబుతాను. టీచరు దగ్గర ఎప్పుడూ ఉండేది సుద్దముక్క. పట్టీ అడుగు భాగానికి సుద్ద బాగా రుద్దండి. పిల్లవాడికి ముదురు రంగు చొక్కా వేసి, మామూలుగా మోసే పుస్తకాలతోనే సంచి తగిలించి, వీధి చివరిదాకా నడిపించి తీసుకురండి. సంచి జాగ్రత్తగా తీసి భుజం చూడండి. సుద్ద మరక పట్టీ అంత వెడల్పున సమంగా పడితే బరువు సమంగా పడుతున్నదని అర్థం. మధ్యలో సన్నగీతలా చిక్కగా పడితే నాడా దిగబడుతున్నది, గట్టి పొర చాలలేదు. మెడవైపు అంచులో మాత్రమే పడితే ఒంపు సరిగా రాలేదు, లేదా రెండు పట్టీలనూ సంచికి మరీ దగ్గరగా కుట్టారు. భుజం చివర పడితే మరీ దూరంగా కుట్టారు, పట్టీ జారిపోతున్నది. నేను కుట్టిన ఆ వెన్నముద్ద పట్టీకి కూడా ఈ పరీక్ష చేశాను. రెండంగుళాల పట్టీకి అంగుళం మరకే పడింది. పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం.

పట్టీ ఎంత బాగున్నా వేసుకునే తీరు బాగుండాలి. రెండు పట్టీలూ వేసుకోవాలి. పొడవు సమంగా బిగించుకోవాలి. సంచి అడుగు నడుము కింద నాలుగంగుళాలకు మించి వేలాడకూడదు. వేలాడే సంచి భుజాన్ని వెనక్కి లాగుతుంది, పిల్ల ముందుకు వంగుతుంది. బరువైన పుస్తకాలు వీపుకు దగ్గరగా ఉండాలి, నీళ్ళ సీసా, టిఫిను డబ్బా బయటి వైపు. బడిలో మంచినీళ్ళు బాగుంటే సీసా ఖాళీగా పంపినా చాలు, లీటరు నీళ్ళంటే ఒక కిలో బరువు తగ్గినట్టే.

చివరగా ఒక్క మాట. మెత్త పట్టీ వేశాం కదా అని సంచిలో ఇంకో రెండు పుస్తకాలు కుక్కితే మనం పిల్లలకు మేలు చేసినట్టు కాదు. మెత్త భుజం నొప్పిని తగ్గిస్తుంది, వెన్ను మీద బరువును తగ్గించదు. టైంటేబులు చూసి సంచి సర్దడం నేర్పండి. నాతోటి టీచర్లకూ ఒక మనవి. రేపు ఏ పుస్తకం తేనక్కర్లేదో సాయంత్రం బల్ల మీద రాయండి. ఒక నిమిషం పని అది.

ఆ అమ్మాయి సంగతి అడుగుతారేమో. పెద్దాయన రెండు కొత్త పట్టీలు కుట్టి ఇచ్చారు, కూలి తీసుకోలేదు. తరగతి బీరువాలో సగం పుస్తకాలు ఉంచుకోనిచ్చాం. నెల తిరిగేసరికి చార మానింది. డిక్టేషన్‌లో ఇప్పుడు పెన్ను జారడం లేదు. తప్పులు మాత్రం ఇంకా చేస్తుంది. వాటికి మాత్రం నేను కోప్పడవచ్చు.

ఇంతసేపూ విన్నారు, ఒక పని చేయండి. ఈ రాత్రి మీ పిల్లలు పడుకునే ముందు చొక్కా పక్కకు జరిపి రెండు భుజాలూ చూడండి. చార కనబడితే, లేదా చెయ్యి తిమ్మిరెక్కుతున్నదని చెబితే, నాలాగా కోప్పడకండి. ముందు సంచి తూచండి, తర్వాత పట్టీ చూడండి, తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.